మస్కట్ నుంచి మూడు రోజుల ఎడారి టూర్: ఎక్కడ డబ్బు గిట్టింది, ఎక్కడ గిట్టలేదు

రేటింగ్ ముందే చెప్పేస్తా. డ్రైవర్‌కి ఐదుకి ఐదు. బుకింగ్ ఆఫీసుకి రెండు, అదీ బండి టైముకి పంపినందుకు. కంపెనీ పేరు రాయను. ఇలాంటి ప్యాకేజీలు మస్కట్‌లో చాలామంది అమ్ముతున్నారు, తేడా పెద్దగా ఉండదు.

మేం నలుగురం: నేను, మా ఆయన, మా బాబు, సిద్దిపేట వైపు నుంచి విజిట్ వీసా మీద వచ్చిన మా మామయ్య. డిసెంబర్‌లో వెళ్లాం. ల్యాండ్ క్రూయిజర్, రెండు రాత్రుల బస, టిఫిన్, రాత్రి భోజనం కలిపి దాదాపు నాలుగు వందల రియాల్‌లు. తక్కువేం కాదు.

మొదటి గొడవ బ్రోషర్‌తోనే. దాని మీద పొడుగు కొమ్ముల తెల్లటి ఓరిక్స్ (జింకలాంటి ఎడారి జంతువు) ఫోటో వేశారు. మావాడు అది చూసే ఎగిరాడు. తీరా చూస్తే ఈ రూట్‌లో ఓరిక్స్ ఉండే చోటే లేదు. అది ఒమాన్ మధ్య భాగంలో అల్ వుస్తాలోని జిద్దత్ అల్ హరాసిస్ మైదానాల జంతువు. దాని కథ మాత్రం డ్రైవర్ దారి పొడుగునా చెప్పాడు. వేటగాళ్ల దెబ్బకి 1972 నాటికి బయట ఒక్కటీ మిగల్లేదు. జూలలో పెంచినవాటిని తెచ్చి 1982లో మళ్లీ ఒమాన్ ఎడారిలో వదిలారు. 1994లో అవి ఉండే అభయారణ్యానికి యునెస్కో గుర్తింపు వచ్చింది. తర్వాత దొంగవేట మళ్లీ మొదలై 1996లో 450 ఉన్నవి 65కి పడిపోయాయి. ప్రభుత్వమేమో అభయారణ్యం విస్తీర్ణాన్ని తొంభై శాతం తగ్గించేసింది. దాంతో 2007లో యునెస్కో ఆ పేరు కొట్టేసింది. ప్రపంచ వారసత్వ జాబితా నుంచి ఒక స్థలాన్ని తీసేయడం అదే మొదటిసారి. ఆ ఫోటో పెట్టి టూర్ అమ్మేవాళ్లకి ఈ సంగతి తెలుసో లేదో!

నిజ్వా కోట బాగుంది. పదిహేడో శతాబ్దంలో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించాడు, ఆ గుండ్రటి బురుజు ఒక్కదానికే పన్నెండేళ్లు పట్టిందంటారు. మెట్ల దారిలో ప్రతి తలుపు పైన ఒక కన్నం ఉంది, శత్రువు తలుపు దగ్గర ఆగితే పైనుంచి మరిగే ఖర్జూరపు పాకం పోసేవారట. మావాడికి కోట మొత్తంలో గుర్తున్నది అదొక్కటే.

మామయ్యని కదిలించింది మాత్రం ఫలజ్. కొండ కింద భూగర్భ జలం దగ్గర మొదలుపెట్టి, మోటారు లేకుండా వాలు మీదే కిలోమీటర్ల కొద్దీ నీళ్లు తెచ్చే కాలువలివి. ఒమాన్‌లో ఇప్పటికీ సుమారు 3,000 పారుతున్నాయి. 2006లో ఐదింటికి యునెస్కో గుర్తింపు వచ్చింది. నిజ్వాలోని ఫలజ్ దారిస్ వాటిలో ఒకటి. ప్యాకేజీలో దీనికి ఇచ్చింది ఇరవై నిమిషాలు. డ్రైవర్ మంచివాడు, గంట ఆపాడు. కాలువ ఊళ్లోకి వచ్చే మొదటి చోట తాగడానికే నీళ్లు పట్టుకోవాలి, తర్వాత మసీదు, స్నానాల వంతు, ఆ తర్వాతే ఖర్జూరపు తోటలకి. తోటల వాటాని ‘అథర్’ లెక్కన పంచుతారు, అంటే సుమారు అరగంట. పగలు నీడ గడియారం చూసి, రాత్రి నక్షత్రాలు చూసి లెక్కపెట్టేవారు. మామయ్య అంతా విని, "మన నీరటికాడి పనే గదా బిడ్డా, ఈడ నక్షత్రాలు గూడ చూస్తరు, అంతే" అన్నారు. చెరువు కింద పొలం చేసిన మనిషి. కాలువలో చెయ్యి పెట్టి, వేళ్ల మధ్య నుంచి నీళ్లు పోతుంటే చూస్తూ కూర్చున్నారు. చిన్న చిన్న చేపలు వచ్చి వేళ్లు పొడిచాయి.

బిదియా దగ్గర టైర్లలో గాలి తగ్గించి ఇసుకలోకి దిగాం. దిబ్బల మీద బండి ఎగరేయడం పది నిమిషాలు సరదా, తర్వాత వాంతులే. నన్నడిగితే ఆ ఎక్స్‌ట్రా డబ్బు ఇవ్వొద్దు. అంచున ఉండే గాఫ్ చెట్ల దగ్గర బండి ఆపమనండి, చాలు. మామయ్య ముల్లు చూసి, ఆకు తుంచి నలిపి, "ఇది జమ్మి చెట్టే!" అన్నారు. నిజమే, గాఫ్ అంటే మన జమ్మే. తెలంగాణ రాష్ట్ర వృక్షం. దాని వేళ్లు 30 మీటర్లకు పైగా లోతుకి పోతాయి కాబట్టే వాన లేని చోట కూడా పచ్చగా ఉంది. ఒంటెలకి మేత, మేకలకి నీడ. దసరాకి మనం పంచుకునే ఆకు ఒంటె నములుతుంటే ఫోటో తీసుకున్నాం.

క్యాంప్ గురించి ఎక్కువ చెప్పను. ‘ఎడారి నిశ్శబ్దం’ అని రాశారు, జనరేటర్ రాత్రి పదకొండు దాకా మోగింది. వేడినీళ్లు రాలేదు. కహ్వా, అంటే అరబ్ కాఫీ, మాత్రం బాగుంది, ఏలకుల వాసనతో. చిన్న కప్పు అటూ ఇటూ ఊపితే తప్ప పోస్తూనే ఉంటారు, మా ఆయనకి ఇది తెలియక ఆరు కప్పులు తాగాడు.

అసలు కోపం తాబేళ్ల విషయంలో. రాస్ అల్ జింజ్ సముద్రతీరంలో పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టేది రాత్రిపూట. ఆఫీసువాళ్లు రాత్రి స్లాట్ బుక్ చేయడం మర్చిపోయి, సూర్ హోటల్లో ఉండగా ఫోన్ చేసి తెల్లవారుజాము స్లాట్ ఇచ్చారు. అదృష్టం కొద్దీ ఒక తల్లి తాబేలు కనిపించింది. వందకి అటూ ఇటూ గుడ్లు పెట్టి, గుంట పూడ్చి, సముద్రం వైపు తిరిగింది. నాలుగడుగులు, ఆగడం, గట్టిగా ఊపిరి. మళ్లీ నాలుగడుగులు. ఇసుకలో రెండు పక్కలా రెక్కల గుర్తులు, మధ్యలో పొట్ట ఈడ్చిన చార. ఎవరో ఫ్లాష్ కొట్టబోతే గైడ్ ఫోన్ లోపల పెట్టించాడు. మంచి పని చేశాడు.

వెళ్లేవాళ్లకి: తాబేళ్లు ఎక్కువగా వచ్చేది ఎండాకాలంలో, అప్పుడు ఇసుకలో పగలు నిలబడలేం. ఎడారీ, తాబేళ్లూ రెండూ కావాలంటే అక్టోబర్ చూసుకోండి. అడ్వాన్స్ కట్టేముందే రాత్రి స్లాట్ కన్ఫర్మేషన్ వాట్సాప్‌లో తెప్పించుకోండి. హిందీ వచ్చిన ఒమానీ డ్రైవర్ కావాలని అడగండి, పెద్దవాళ్లు వెంట ఉంటే అది తప్పనిసరి.