రెండు స్పీడుల రేడియేటర్ ఫ్యాన్: ఏళ్ల తరబడి వాడాక

నా కారులో రేడియేటర్ ఫ్యాన్‌కి పాతకాలం వైరింగే. ఒక మోటారు, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్‌లు), కరెంటుని తగ్గించే ఓ రెసిస్టర్, అంతే. ఇన్నేళ్లలో మోటారు మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. సతాయించినవన్నీ దానికి కరెంటు తెచ్చే దారిలోవే.

బ్యాటరీ నుంచి పెద్ద ఫ్యూజు మీదుగా రిలేలో 30 అనే నంబరున్న పిన్నుకి 12 వోల్టులు ఎప్పుడూ వస్తుంటాయి. కూలెంట్ వేడెక్కేకొద్దీ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది. అది చూసి ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) రిలే కాయిల్‌ని ఎర్త్ చేస్తుంది, 30 పిన్నూ, ఫ్యాన్ వైపు వెళ్లే 87 పిన్నూ కలిసి ఫ్యాన్ తిరుగుతుంది. మొదటి రిలే కరెంటు రెసిస్టర్ గుండా పోతుంది కాబట్టి లో స్పీడు. వేడి ఇంకా పెరిగితే రెండో రిలే నేరుగా ఇస్తుంది. ఏసీ వేసినా లో స్పీడు మొదలవుతుంది.

ముందుగా పోయేది రెసిస్టరే. పోయిందని వెంటనే తెలియదు, హై స్పీడు పనిచేస్తూనే ఉంటుంది మరి. ట్రాఫిక్‌లో ఆగితే ఏసీ చల్లదనం తగ్గుతుంది, టెంపరేచర్ ముల్లు మామూలు చోటు దాటి పైకెళ్తుంది, అప్పుడు ఫ్యాన్ ఒక్కసారిగా హోరెత్తుతుంది. నా కారుకి ఇలాగే అయితే మోటారు మార్చాలన్నారు. హై స్పీడులో గిర్రున తిరుగుతున్న మోటారుని ఎందుకు మార్చాలి? రెసిస్టర్ ఒక్కటీ మార్పిస్తే సరిపోయింది.

రెండోది ఫ్యాన్ కనెక్టర్. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ నన్నడిగితే అసలు బలహీనత ఇక్కడే. ఊడదీసి చూస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, కాస్త కరిగి ఉంది. పిన్ను పట్టు వదులైతే అక్కడ 0.05 ఓమ్ రెసిస్టెన్స్ చేరినా చాలు: 20 ఆంపియర్లు పోతుంటే 1 వోల్టు అక్కడే తగ్గిపోతుంది, 20 వాట్ల వేడి ఆ చిన్న పిన్ను మీదే పడుతుంది. ఫ్యాన్ ఆగి ఉండగా మల్టీమీటర్ పెడితే ఇది దొరకదు. తిరుగుతుండగా కనెక్టర్‌కి అటూ ఇటూ వోల్టేజ్ చూడాలి. ఎర్త్ వైరుకీ అంతే.

బాగా నచ్చినది ఒకటి: సెన్సర్ కనెక్టర్ ఊడిపోతే ఈసీయూ ఫ్యాన్‌ని హై స్పీడులో తిప్పుతూనే ఉంటుంది. మోత భరించలేం గానీ ఇంజన్ బతుకుతుంది.

మా ఇంట్లోని కొత్త కారుది పీడబ్ల్యూఎం పద్ధతి, అంటే కరెంటుని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ ఫ్యాన్ వేగాన్ని మార్చడం. మెల్లగా మొదలై అవసరమైనంత వేగమే అందుకుంటుంది, చప్పుడు చాలా తక్కువ. హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ కంట్రోల్ మాడ్యూల్ పోతే ఫ్యాన్ మొత్తం కలిపి మార్చాల్సి వస్తుంది. నా పాతదానికైతే డిక్కీలో ఒక స్పేర్ రిలే ఉంచుకుంటాను, దారి మధ్యలోనైనా చేత్తో మార్చేయొచ్చు.

మీరూ కనెక్టర్ చూడబోతే ముందు బ్యాటరీ నెగెటివ్ ఊడదీయండి. చాలా కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ తనంతట తాను తిరుగుతుంది.