పోలీసు డ్యూటీలో లగ్జరీ ఎలక్ట్రిక్ కారు: చాలాకాలం నడిపాక నా సమీక్ష

పోలీసు బండిగా ఖరీదైన ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నానంటే అందరూ ముందు స్పీడ్ గురించే అడుగుతారు. రెండు మోటార్లు, నాలుగు చక్రాలకూ పవర్, సున్నా నుంచి వందకు నాలుగు సెకన్లలోపే. పికప్ నిజంగా అద్భుతం. అయినా ఈ కారు మీద నాకు గౌరవం పెరిగింది మాత్రం అది ఆగి ఉన్నప్పుడే.

షిఫ్టులో ఎక్కువసేపు బండి రోడ్డు పక్కనే ఉంటుంది. బందోబస్తు, వాహనాల తనిఖీ, యాక్సిడెంట్ స్పాట్, మీటింగ్ ముగిసేదాకా గేటు బయట పడిగాపులు. డీజిల్ బండైతే ఏసీ, బీకన్ లైట్లు, వైర్‌లెస్ సెట్ కోసం అంతసేపూ ఇంజన్ ఆన్‌లో ఉంచాలి. ఇందులో గంటసేపు అవన్నీ వేసుకుని కూర్చున్నా చార్జ్ రెండు మూడు శాతం తగ్గుతుంది, అంతే. వెనక నిలబడి ట్రాఫిక్ చూసే కానిస్టేబుల్ మొహాన పొగ కొట్టదు. రాత్రి పెట్రోలింగ్‌లో అద్దం దించితే వీధి మొత్తం వినిపిస్తుంది. ఎక్కడో గాజు పగిలినా, ఎవరైనా కేక వేసినా తెలిసిపోతుంది. ఇంజన్ చప్పుడులో ఇవేవీ చెవిన పడేవి కావు.

మమ్మల్ని బాగా ఏడిపించింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. సైరన్, సెట్, కెమెరా అన్నీ దానికే కలిపారు. డ్రైవర్ దిగి తలుపు వేసి కాస్త దూరం వెళ్లగానే కారు స్లీప్ మోడ్‌లోకి పోతుంది. కారును నడిపే పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి చార్జింగ్ ఆగిపోతుంది, పైన బీకన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అలా ఒక రాత్రి రోడ్డు మీదే బండి మూగబోయింది. పెద్ద బ్యాటరీలో బోలెడు చార్జ్ ఉన్నా తలుపులు కూడా తెరుచుకోలేదు. పోలీసు పరికరాలకు విడిగా ఒక బ్యాటరీ పెట్టించాకే ఆ టెన్షన్ తీరింది.

సీట్ల విషయం కూడా చెప్పాలి. పక్కలు ఎత్తుగా ఉండే స్పోర్ట్స్ సీటులో, నడుముకు పిస్టల్, సెట్ తగిలించుకుని కూర్చుంటే గంటకే నడుం పట్టేస్తుంది. సైరన్ బటన్ టచ్‌స్క్రీన్‌లో ఉండకూడదు. వేగంగా వెళ్తూ దాన్ని వెతుక్కోవడం ప్రమాదం. చేతికి తగిలే స్విచ్ పెట్టించండి. యాక్సిలరేటర్ వదలగానే మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. టైర్లు మాత్రం బరువుకీ, మోటారు చక్రాలను తిప్పే బలానికీ (టార్క్) త్వరగా అరిగిపోతాయి. అధికారులు కూర్చునే వెనక సీటుకు ఏ వంకా లేదు.

ఇక ఛేజింగ్. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది, రేంజ్, అంటే ఒక చార్జ్‌తో వెళ్లగలిగే దూరం, కళ్ల ముందే కరిగిపోతుంది. 2019లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ పోలీసుల టెస్లా మోడల్ ఎస్‌కు ఛేజింగ్ మధ్యలోనే చార్జ్ అడుగంటింది. షిఫ్టు మొదలయ్యేటప్పటికే అది ఫుల్ చార్జ్‌లో లేదు. అందుకే షిఫ్టు దిగేవాళ్లు ప్లగ్ పెట్టకుండా వెళ్లడం నాకు అస్సలు నచ్చదు. 80 శాతం దాటాక ఫాస్ట్ చార్జర్ కూడా నెమ్మదిస్తుంది కాబట్టి చివర్లో హడావిడి పడ్డా లాభం లేదు.

ఎలక్ట్రిక్ కాకపోయినా, పోలీసుల చేతిలో ఇంకా ఖరీదైన సూపర్ కార్లున్నాయి. దుబాయ్ పోలీసుల బుగాటీ వేరాన్ పర్యాటకులు ఫొటోలు దిగడానికి బాగుంటుంది. నా మనసు గెలుచుకున్నది ఇటలీ పోలీసుల లంబోర్గిని హురాకన్. దాని ముందు డిక్కీలో అవయవాలను చల్లగా ఉంచే పెట్టె అమర్చారు. 2020లో పాడువా నుంచి రోమ్‌కు, దాదాపు 500 కిలోమీటర్లు, మార్పిడి కోసం ఒక కిడ్నీని అందులోనే చేరవేశారు. వేగానికి అంతకంటే మంచి పని ఏముంటుంది? అలాంటి అవసరం లేని మామూలు స్టేషన్‌కు నాలుగు సెకన్ల కారు అక్కర్లేదు. నన్ను అడిగితే ఇదే కారులో పవర్ తక్కువ, రేంజ్ ఎక్కువ ఉన్న మోడల్ కొని, మిగిలిన డబ్బుతో బండికో చార్జర్ పెట్టించమంటాను.