చావ్‌రీ బజార్ మెట్రో: వెళ్ళేటప్పుడు బంగారం, వచ్చేటప్పుడు బరువు

విజయవాడ వన్‌టౌన్‌లో మాది శుభలేఖల దుకాణం. మాఘమాసం ముహూర్తాలకు ముందొకసారి, వేసవి పెళ్ళిళ్ళకు ముందొకసారి కొత్త నమూనాల కోసం పాత ఢిల్లీలోని చావ్‌రీ బజార్‌కు వెళ్తాను. ఆ పేరు మన ‘చావడి’కి చుట్టమేనంటారు. అక్కడి భూగర్భ మెట్రో స్టేషన్ 2005లో తెరిచారు. నేను దాన్ని వాడడం మొదలుపెట్టి పదిహేనేళ్ళు దాటింది.

నాన్నగారి రోజుల్లో న్యూఢిల్లీ స్టేషన్‌లో తమిళనాడు ఎక్స్‌ప్రెస్ దిగి, అజ్మీరీ గేటు వైపు బయటికొచ్చి, రిక్షా మాట్లాడుకునేవారు. దూరం తక్కువే. కానీ తోపుడుబళ్ళ మధ్య ఇరుక్కున్న రిక్షాకంటే నడిచేవాడే ముందు చేరేవాడట. ఇప్పుడు న్యూఢిల్లీలో ఎల్లో లైన్ ఎక్కితే తర్వాతి స్టేషనే ఇది. ఆయన రిక్షావాడితో బేరం తెమల్చుకునే లోపే నేను దిగిపోతాను. చాలాకాలం 10 రూపాయలున్న ఛార్జీ 2025లో 11 అయింది. ఫిర్యాదు చేయదగ్గ పెంపు కాదు.

ఈ స్టేషన్ గొప్పతనం దాని లోతులో ఉంది. నేలకు సుమారు 25 మీటర్ల దిగువన ఉంటుంది. 2018లో హౌజ్ ఖాస్‌లో 29 మీటర్ల లోతున కొత్తది వచ్చేదాకా ఢిల్లీ మెట్రోలో దీన్ని మించింది లేదు. పైన అంగుళం ఖాళీ లేని బజారు. స్టేషన్ పొడవునా నేలను తవ్వే వీలులేక, మధ్యభాగాన్ని లోపలి నుంచే సొరంగంలా తొలిచారు. “అంత లోతున గాలి ఆడుతుందా నాన్నా?” అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఆడడమేమిటి, మే నెలలో పైకి రాబుద్ధి కాదు! బెజవాడ ఎండకు అలవాటుపడిన ప్రాణమే ఆ మాట అంటోంది.

పైకి వచ్చాకే అసలు పరీక్ష. మెట్లు దాటగానే హౌజ్ కాజీ కూడలి మీద పడుతుంది. రిక్షాలు ముఖానికి అడ్డం వస్తాయి, నెత్తిన కాగితపు కట్టలతో కూలీలు అరుస్తూ పోతారు. మొదటిసారి ఏ ద్వారంలోంచి బయటపడ్డానో తెలియక, శుభలేఖల కొట్లు వెతుకుతూ కుళాయిలు, ఇత్తడి గొళ్ళేలు అమ్మే వరుసలో అరగంట తిరిగాను.

తిరుగు ప్రయాణానికి మాత్రం ఈ స్టేషన్‌ను నమ్ముకోకూడదు. శుభలేఖలు చూడడానికి ఈకల్లా ఉంటాయి, కట్ట కడితే ఇటుకలే. ఒకసారి లారీ కిరాయి మిగులుతుందన్న ఆశతో రెండు పెద్ద కట్టలు మోసుకుని తనిఖీ దాకా వెళ్ళాను. సామాను మోతాదు మించిందని వెనక్కి పంపారు. తప్పు నాదే, అయినా ఆ రోజు చాలా కోపం వచ్చింది. టోకు బజారు నడిబొడ్డున కట్టిన స్టేషన్ మనిషిని తెస్తుంది, సరుకును ముట్టుకోదు. అప్పటినుంచి చేతిసంచిలో నమూనాలే తెచ్చుకుంటున్నాను, మిగతాది లారీలో వస్తుంది.

మన విజయవాడ మెట్రో ప్రణాళిక మొదటి దశలోని రెండు దారులూ పండిట్ నెహ్రూ బస్టాండ్ దగ్గర కలుస్తాయి, అదీ స్తంభాల మీద. వన్‌టౌన్ సందుల కిందికి ఎవరూ దిగరు. చావ్‌రీ బజార్ ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడల్లా నాకు ఆ అసూయ తప్పదు.

మీరు వెళ్తే ఆదివారం వెళ్ళకండి. స్టేషన్ తెరిచే ఉంటుంది, కొట్లే మూసి ఉంటాయి.