పెద్ద బాలశిక్ష: కొనేముందు ఒక పద్యం తెరిచి చూడండి

పిల్లలకు సంప్రదాయపు చదువు చెప్పించాలనుకునేవాళ్లు ముందుగా కొనేది పెద్ద బాలశిక్షే. 19వ శతాబ్దంలో పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి కూర్చిన ఆ చదువు ఇప్పుడు ఎన్నో ప్రచురణల్లో, ఎన్నో రూపాల్లో దొరుకుతోంది. స్థూలంగా ఇవి రెండు రకాలు. ఒకటి పాత పద్ధతి సన్న పుస్తకం. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, రెండక్షరాల మాటలు మొదలుకొని వాక్యాలు, ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు, ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాల పేర్లు, నీతిపద్యాలు ఉంటాయి. రెండోది దిండంత లావు పుస్తకం. పై వాటికి తోడు దేశాల రాజధానులు, పోటీపరీక్షల జనరల్ నాలెడ్జ్ కూడా కుక్కేస్తారు. పిల్లల కోసమైతే సన్నదే తీసుకోండి. లావు పుస్తకాన్ని ఆరేళ్ల పిల్ల ఒళ్లో పెట్టుకుని చదవలేదు. పైగా జిగురు బైండింగు అయితే, రాసుకోవడానికి పూర్తిగా పరిచి పెట్టిన కొన్నాళ్లకే పేజీలు ఊడతాయి. కుట్టు బైండింగు ఉందో లేదో వెన్ను దగ్గర చూడండి.

అసలు పరీక్ష మాత్రం అచ్చులో ఉంది. కొట్లోనే ‘అక్కరకు రాని చుట్టము’ పద్యం తెరవండి. మూడో పాదం ‘నెక్కినఁ బాఱని గుర్రము’ అని అరసున్న(ఁ)తో, బండి ఱతో ఉంటే ఆ ప్రచురణకర్త శ్రద్ధ గలవాడు. ‘నెక్కిన బారని’ అని ఉంటే పిల్లకు రెండు దారులు మూసేసినట్టే. ‘ఎక్కినన్’ చివరి నకారం వల్ల తరువాతి ‘పాఱని’లోని ప బ అయింది. ఆ నకారపు జాడే అరసున్న. అది లేకపోతే పిల్ల నిఘంటువులో ‘బారు’ వెతుకుతుంది, పరుగెత్తడం అనే అర్థం దొరకదు. అరసున్న చూసి ప దగ్గరికి వెళ్లినా, శబ్దరత్నాకరం లాంటి నిఘంటువులో ఆ మాట ‘పాఱు’ దగ్గర ఉంటుంది, ‘పారు’ దగ్గర కాదు. అరసున్నలు పాతబడిపోయాయి కదా, ఎందుకు అనే మాట మన వాడుక రాతకు సరే. పద్యం చదవడం నేర్పే పుస్తకానికి అవి పనిముట్లు.

ఈ చదువు లక్ష్యం సమాచారం ఇవ్వడం కాదు. ఒక మాటను జ్ఞాపకంలో నిలుపుకోవడం, విడదీసి అర్థం చేసుకోవడం, దాని మీద ప్రశ్న వేసి జవాబు చెప్పగలగడం, ఈ మూడే. మన వ్యాఖ్యాతలు వ్యాఖ్యానానికి ఐదు లక్షణాలు చెప్పారు: పదచ్ఛేదం (మాటలు విడదీయడం), పదార్థం (మాటల అర్థం), విగ్రహం (సమాసాన్ని విప్పి చెప్పడం), వాక్యయోజన (మాటలను వాక్యంగా కూర్చడం), ఆక్షేపానికి (అభ్యంతరానికి) సమాధానం. బాలశిక్ష వీటిలో దేన్నీ నేర్పదు, కంఠస్థం దాకా తెచ్చి వదిలేస్తుంది. ఇది పుస్తకం లోపం కాదు, పద్ధతి అలాంటిది. మిగతాది చెప్పేవాళ్ల పని.

1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ జిల్లాలోని 533 బడుల మీద నివేదిక పంపాడు, వాటిలో 226 తెలుగు బడులు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. కానీ పిల్లలు పద్యాలు వల్లిస్తారే తప్ప అర్థం చిలుకకు తెలిసినంతే అని రాశాడు. ఆ విమర్శ ఇవాళ్టి పద్యాల పోటీలకూ అక్షరాలా వర్తిస్తుంది.

కాబట్టి వారానికి ఒక్క పద్యం చాలు. మొదటి రెండు రోజులు పాదం పాదం వినిపించి అనిపించండి. ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. కందంలో పాదం ఆగిన చోటల్లా మాట ఆగదు. రెండో పాదం ‘మోహరమునఁ దా’తో ముగుస్తుంది, ‘తాను’లో మిగిలిన ముక్క మూడో పాదం మొదట్లో ఉంది. పాదాంతంలో గట్టిగా ఆపి వల్లిస్తే ‘నెక్కిన’ అనే కొత్త మాట పిల్ల బుర్రలో పుడుతుంది. మూడో రోజు పలక మీద విడదీయించండి: మోహరమునన్, తాను, ఎక్కినన్, పాఱని. నాలుగో రోజు మాటల అర్థాలు, సమాసాలుంటే విగ్రహం. ఐదో రోజు చివరి పాదంలోని ‘విడువంగవలయు’తో మొదలుపెట్టి ఏమిటేమిటి విడవాలి అని అడిగితే చుట్టం, వేల్పు, గుర్రం మూడూ వరసలోకి వస్తాయి. ఆరో రోజు ఆక్షేపం: చుట్టం రాలేని స్థితిలో ఉంటే కూడా విడిచేయాలా? ఈ రోజును దాటవేయకండి. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా ‘రాలేని’కి ‘రాని’కి తేడా పట్టుకోగలరు. చదువు ఫలించిందని తెలిసేది అక్కడే.

ఎక్కాలకు మాత్రం లయ చాలు, వివరణ తరువాత. మణుగుకు 8 వీసెలు, రూపాయికి 16 అణాలు వంటి పాత కొలతలు నేడు వాడుకలో లేకపోయినా కొన్ని లెక్కలు చేయించండి. పదుల్లో కాక 8, 16 లాంటి గుంపుల్లో చేసే కూడిక, తీసివేత పిల్లలకు గంటలు, నిమిషాల లెక్కలో వెంటనే పనికొస్తాయి. 60 సంవత్సరాల పేర్లు మొదటి ఏడాదిలో వద్దు, ఎందుకో తెలియని జాబితా విసుగు పుట్టిస్తుంది. ఉగాదికి ఆ ఏడాది పేరుతో మొదలుపెట్టి ముందు పది, వెనక పది చెప్పించడం మేలు.

పుస్తకంలో అభ్యంతరకరమైన పాతదనమూ ఉంది. ఇందులోని నీతిపద్యాలకు ఒక మూలమైన సుమతీ శతకంలో ఆడవాళ్లను, కులాలను కించపరిచే పద్యాలున్నాయి. ఏ ప్రచురణ ఏవి ఎంచిందో ముందు మీరే చదివి, చిన్నపిల్లలకు వాటిని వదిలేయండి. పన్నెండేళ్లు దాటాక ఆక్షేపానికి అవే మంచి పాఠాలు.

విదేశాల్లో పెరిగే పిల్లలకు ఈ పుస్తకం ఒక్కటే ఇస్తే నిలవదు. ట, త తేడా, ళ, ల తేడా చెవికి పడకముందే ఒత్తుల పేజీలకు వెళితే అక్షరం వస్తుంది గానీ పలుకు రాదు. వాళ్లకు మొదటి ఆరు నెలలు పుస్తకం మూసి నోటితోనే పద్యాలు చెప్పించండి. అచ్చు ఆ తరువాత తెరవండి.