ఎముకల నొప్పికి ఎన్ని సిట్టింగులు? రెండు ప్రశ్నల లెక్కకు నా మార్కులు

నేను రేడియోథెరపీ టెక్నాలజిస్టుని. డాక్టరుగారు రాసిన డోసు ప్రకారం రోగిని మిషన్ కింద సరిగ్గా పడుకోబెట్టడం నా పని. క్యాన్సర్ ఎముకలకు పాకి నొప్పితో వచ్చేవాళ్లకు ఆ పడుకోవడమే పెద్ద పరీక్ష. మా బల్ల మీద పరుపు ఉండదు, గట్టి కార్బన్ ఫైబర్ పలక. తుంటి ఎముక దెబ్బతిన్న మనిషిని స్ట్రెచర్ నుంచి దాని మీదికి మార్చేటప్పుడు నలుగురం దుప్పటి మూలలు పట్టుకుని ఎంత మెల్లగా జరిపినా కేక పెట్టకుండా ఉండలేరు. కిరణాలు పడేది కొద్ది నిమిషాలే. ఈ అవస్థ ఒక్కసారితో పోతుందా, పదిసార్లు పడాలా అన్నది వాళ్లకు చిన్న సంగతి కాదు.

అందుకే, రోగి ఇంకా ఎంతకాలం ఉంటాడో అంచనా వేసి ఎన్ని సిట్టింగులో తేల్చడానికి మా దగ్గర వాడుతున్న ఆయుర్దాయపు లెక్క మీద నాకు ఆసక్తి. ఇది నెదర్లాండ్స్‌లో పుట్టింది. 1996-98 మధ్య అక్కడ 1,157 మందికి చికిత్స చేసి చూస్తే, ఒకేసారి 8 గ్రే (కిరణాల డోసుకు కొలత) ఇచ్చినా, ఆరు విడతల్లో 24 గ్రే ఇచ్చినా నొప్పి ఒకేలా తగ్గింది. ఆ రోగుల వివరాలతోనే 2014లో ఈ లెక్క కట్టారు. ప్రశ్నలు రెండే. క్యాన్సర్ మొదట ఎక్కడ వచ్చింది? మనిషి తన పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నాడు? రెండోదానికి కార్నాఫ్‌స్కీ స్కోరు, వంద నుంచి సున్నా దాకా; వంద అంటే ఏ ఇబ్బందీ లేనట్టు. ఇంకొన్ని వివరాలు కలిపితే కచ్చితత్వం 0.71 నుంచి 0.72కి పెరిగిందట. ఆ పిసరంత లాభం కోసం రోగిని ఇంకా విసిగించనందుకు వాళ్లకు దండం పెట్టాలి. 0.71 అంటే, ఇద్దరు రోగుల్లో ఎవరు ఎక్కువ కాలం ఉంటారో నూటికి డెబ్భై ఒక్కసార్లు సరిగ్గా చెబుతుందని. బొమ్మా బొరుసూ వేస్తే యాభై. జాతకం కాదు, కానీ ఉత్త ఊహ కంటే నయం. డాక్టర్ల సొంత అంచనాలు మామూలుగా ఆశవైపే మొగ్గుతాయి. చివరి దశ క్యాన్సర్ రోగుల మీద 2003లో వచ్చిన ఒక సమీక్షలో వాళ్ల అంచనా మధ్యస్థంగా 42 రోజులైతే, రోగులు బతికింది 29 రోజులు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, కరెంటు (అంటే ఈ కిరణాలే) పెట్టిన మర్నాడే నొప్పి పోదు. మొదటి రోజుల్లో కొందరికి ఇంకా ఎక్కువవుతుంది. ఉపశమనం పూర్తిగా తెలియడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. అంత వ్యవధే లేని మనిషిని పది రోజులు బస్సుల్లో తిప్పడం అన్యాయం. ఎక్కువ కాలం ఉండేవాళ్ల విషయం వేరు. ఒక్క సిట్టింగు తీసుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరికి మళ్లీ అదే చోట ఇవ్వాల్సి వస్తుంది, విడతలుగా తీసుకున్నవాళ్లలో అది నూటికి ఎనిమిది. ఆ సంగతి ముందే చెప్పినా మా దగ్గర చాలామంది ఒక్కసారికే మొగ్గుతారు.

ఇక లోపాలు. మొదటి ప్రశ్నకు జవాబుల గళ్లు నాలుగే: రొమ్ము, ప్రోస్టేటు, ఊపిరితిత్తులు, ఇతరాలు. మన దగ్గర గర్భాశయ ముఖద్వారం, నోరు, గొంతు అన్నీ ‘ఇతరాలు’లో కలిసిపోతాయి. పైగా ఆ రోగుల కాలానికీ ఇప్పటి మందులకూ పోలికే లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు రోజూ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు నాకు తెలుసు.

అసలు చిక్కు రెండో ప్రశ్నతో. మొన్న శ్రీకాకుళం వైపు నుంచి ఒక ప్రోస్టేటు పెద్దాయన వచ్చారు. “స్నానం ఆయనే చేస్తారా?” అని జూనియర్ డాక్టరు అడిగితే, “లేదండీ, అన్నీ మేమే చేయిస్తాం” అన్నాడు కొడుకు. కాగితం మీద 50 పడింది. లోపల బల్ల మీద సర్దుతూ నేనే అడిగాను: “తాతగారూ, మీ పనులు మీరు చేసుకోలేరా?” “ఎందుకు చేసుకోలేనమ్మా? వీళ్లు చేయనిస్తేగా! చెంబు ముట్టుకుంటే కోడలు లాక్కుంటుంది.” వెళ్లి చెబితే డాక్టరుగారు మళ్లీ చూసి 70 వేశారు. మన ఇళ్లలో ప్రేమ కొద్దీ రోగిని మంచానికి కట్టేస్తారు. పిల్లలకు దూరంగా ఒంటరిగా ఉండేవాళ్లేమో ఎంత నొప్పి ఉన్నా లేచి అన్నం వండుకుంటారు. స్కోరులో ఈ తేడా కనబడదు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నరలో ఒకటి అడిగే తీరుకే పోయింది. ప్రశ్న రోగినే అడగాలి, అదీ ఒంటరిగా. వచ్చిన జవాబును ఎన్ని సిట్టింగులో తేల్చడానికి వాడాలి తప్ప, “ఇన్ని నెలలే” అని వరండాలో కుటుంబానికి తేదీ చెప్పడానికి కాదు. కాగితం నింపేటప్పుడు వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టమని అడిగాను, డాక్టరుగారు ఒప్పుకున్నారు. కొడుకులు మాత్రం తలుపు సందులోంచి జవాబులు అందిస్తూనే ఉన్నారు.