చిన్న పూల కోసం పదిరెట్ల భూతద్దం: విశాఖ తీరంలో వాడి చూశాక

కంసాలులు రాళ్లను పరీక్షించడానికి కంటికి ఆనించుకునే మడత భూతద్దమే మొక్కలను గుర్తుపట్టేవారికీ కావలసిన పనిముట్టు. విశాఖపట్నంలో కురుపాం మార్కెట్ ప్రాంతంలో, బంగారు పనివారికి సామాను అమ్మే ఒక కొట్లో దీనిని కొన్నాను. కార్నేషన్ పూలు చెందిన కారియోఫిల్లేసీ కుటుంబంలోని అడవి మొక్కలను చూడటానికి ఇది ఎంతవరకు పనికొస్తుందో ఇక్కడ రాస్తున్నాను.

ఈ కుటుంబంలో రెండు వేలకు పైగా జాతులున్నా వాటిలో ఎక్కువ భాగం చల్లని దేశాలవి. శీతాకాలంలో మన నర్సరీల కుండీల్లో కనిపించే, రేకుల అంచులు రంపపు పళ్లలా ఉండే డయాంథస్ చైనా, కొరియాల వైపు మొక్క. దానిని చూడటానికి ఏ అద్దమూ అక్కర్లేదు. మన వేడి నేలకు సొంతమైన దాని బంధువుల పూలు మాత్రం, ఇవి పూలేనా అని అనుమానం వచ్చేంత చిన్నవి.

వాటిలో మొదట చూడవలసింది పొడి ఇసుక నేలల్లో పెరిగే పాలీకార్పియా కోరింబోసా. సన్నని ఆకులతో నిటారుగా నిలిచి, కొమ్మల చివర వెండిలా మెరిసే గుత్తులు వేసే ఈ మొక్కను 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ మన ఉత్తరేణి ఉన్న ప్రజాతిలోనే చేర్చాడు. తర్వాత దానిని అక్కడి నుంచి తప్పించి ఇప్పుడున్న చోట పెట్టినవాడు లామార్క్. జిరాఫీ మెడ పాఠంలో మనం చదువుకున్న లామార్కే. లినేయస్ ఎందుకలా అనుకున్నాడో మామూలు కంటితో చూసినవారికి వెంటనే అర్థమవుతుంది, ఎందుకు సరికాదో అద్దంలోంచి చూస్తే తెలుస్తుంది. కణుపు దగ్గర కాగితంలాంటి పలుచని పత్రపుచ్ఛాలు, అంటే ఆకు మొదట్లో ఉండే చిన్న పొరలు, కనిపిస్తాయి. ఉత్తరేణికి అవి ఉండవు. వెండి మెరుపంతా రక్షకపత్రాలది. అసలు ఆకర్షణపత్రాలు వాటికంటే పొట్టిగా లోపల దాగి ఉంటాయి. పండిన కాయను గోటితో విప్పితే అది మూడు చీలికలవుతుంది, లోపల అనేక విత్తనాలుంటాయి. వినాయక చవితి పత్రిలో చేరే ఉత్తరేణికి కాయకు ఒక్కటే విత్తనం. ఈ తేడాలన్నింటికీ పదిరెట్లు చాలు.

తూర్పు కనుమల మీద, తేమ గల నీడల్లో అల్లుకునే డ్రైమేరియా కార్డేటా అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. దాని తెల్లని పూవుకు పది రేకులున్నట్టు కనిపిస్తుంది కానీ, అద్దం పెడితే అవి ఐదేనని, ఒక్కొక్కటి దాదాపు అడుగుదాకా రెండుగా చీలి ఉందని తేలుతుంది. పూకాడ మీది నూగు కొసల్లో జిగురు గ్రంథులు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. నడిచేవారి పంట్లాములకు ఈ మొక్క ఎందుకు అంటుకుంటుందో అప్పుడు తెలుస్తుంది. కోసిన వరిమళ్లలో, ఎండిన చెరువు అడుగుల్లో నేలబారుగా పరచుకునే పాలీకార్పాన్ దగ్గర మాత్రం ఈ పరికరం చాలలేదు. పూవు భాగాలు లీలగా తెలుస్తాయి గానీ, విత్తనాల మీది నగిషీ చూడాలంటే సూక్ష్మదర్శిని ఉండవలసిందే.

మూడు గాజు కటకాలను అతికించి చేసిన అద్దం కావడం వల్ల బొమ్మ అంచుల్లో రంగులు చిమ్మదు. నాభ్యంతరం 25 మిల్లీమీటర్లు. అంటే అద్దాన్ని కంటికి ఆనించి, మొక్కను సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తెచ్చుకోవాలి. చాలామంది అద్దాన్ని మొక్క దగ్గర పెట్టి తాము దూరంగా నిలబడి చూస్తారు, బాగా లేదంటారు. 30 రెట్లని చెక్కిన చవక రకాన్ని పక్కన పెట్టి చూశాను. చెప్పినంత పెద్దదిగా చూపకపోగా, వెలుగు తగ్గించి తల నొప్పి తెప్పించింది.

లోపాలు లేకపోలేదు. సముద్రపు గాలికి మడత దగ్గరి పూత పొక్కులు లేచింది, మర బిగుసుకుంది. ఉక్కపోత రోజుల్లో కంటి ఆవిరికి గాజు మసకబారుతుంది కాబట్టి జేబులో మెత్తని గుడ్డ ఉంచుకోవాలి. మెడలో వేసుకునే తాడు విడిగా కొనుక్కోవలసి వచ్చింది.

కొనేవారు కొట్లోనే వార్తాపత్రిక అక్షరాలను దీనితో చూడాలి. అక్షరం మధ్యలో ఎలా ఉందో అంచు దగ్గరా అలాగే నిటారుగా, రంగు చార లేకుండా కనిపిస్తేనే డబ్బివ్వండి. అట్టపెట్టె మీద రాసిన అంకెను పట్టించుకోవద్దు.