నక్షత్రానికి నాలుగు గడులు, నమ్మకానికి ఒక్కటే

అమ్మ పోరు పడలేక కిందటి కార్తీకంలో హైదరాబాదులోని ఒక పెళ్లి సంబంధాల సంస్థకు 6,500 రూపాయలు కట్టి మూడు నెలల ప్యాకేజీ తీసుకున్నాను. వెబ్‌సైటులో ప్రొఫైలు, 40 ఫోన్ నంబర్లు చూసుకునే వీలు, సంబంధాలు చూసిపెట్టే ఒక రిలేషన్‌షిప్ మేనేజరు అందులో భాగం. సంస్థ పేరు రాయడం లేదు. ఆ తరువాత మరో రెండు సంస్థల దరఖాస్తులు కూడా తెరిచి చూశాను. మూడూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి కనుక పేరు వల్ల చదివేవారికి ఒనగూరేదేమీ లేదు.

నేను ఈ సేవ నుంచి ఆశించింది ఒకటే. నాకు దేవుడి మీద నమ్మకం లేదు, రిజర్వేషన్లు న్యాయమైనవని నా అభిప్రాయం, పెళ్లి రిజిస్ట్రారు కార్యాలయంలో జరిగితే చాలు, కట్నం ప్రస్తావన వచ్చిన ఇంటితో రెండో మాట ఉండదు. ఈ నాలుగు సంగతులూ అవతలివారికి పెళ్లిచూపుల కాఫీ కంటే ముందే తెలియాలి. తెలియజేసే పనిలో ఈ సంస్థ ఎంతవరకు ఉపయోగపడిందన్నదే ఈ సమీక్ష. మిగతా హంగుల గురించి, అంటే యాప్ వేగం, ఫోటోల భద్రత వంటివాటి గురించి, చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు.

దరఖాస్తులో మతం, కులం, ఉపకులం, గోత్రం అడిగిన తరువాత నక్షత్రం, పాదం, రాశి, కుజదోషం అని నాలుగు గడులున్నాయి. జీతానికి, ఎత్తుకు, ఒంటి రంగుకు వేర్వేరు గడులున్నాయి. నమ్మకాలకు సంబంధించినది ‘దైవభక్తి’ అనే గడి ఒక్కటే. దానికి ‘ఎక్కువ’, ‘మామూలు’, ‘తక్కువ’ అని మూడు జవాబులు. భక్తిని పెరుగన్నంలో ఉప్పులా కొలవవచ్చునని ఈ గడిని తయారుచేసినవారు అనుకున్నట్టున్నారు. అసలు లేదు అనే జవాబు లేదు కనుక ‘తక్కువ’ ఎంచుకున్నాను. అది నా గురించి ఆ ప్రొఫైలు చెప్పిన మొదటి అబద్ధం.

మతం గడిని ఖాళీగా వదిలితే పేజీ ముందుకు జరగదు. ‘ఇతర’ ఎంచుకుంటే నాకు చూపిన ప్రొఫైళ్లు పదకొండు. ‘హిందువు’ ఎంచుకుంటే వేలు. చివరికి హిందువు అనే పెట్టాను. న్యాయంగా చెప్పాలంటే చట్టం దృష్టిలో అది తప్పు కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం హిందూ తల్లిదండ్రులకు పుట్టి ఆ ఇంట్లో పెరిగినవారికి వర్తిస్తుంది. గుడికి వెళ్తారా లేదా అని అడగదు. అయితే చట్టానికి కావలసింది నేను ఏ చట్టం కిందికి వస్తానన్నది, ఎదుటి మనిషికి కావలసింది నేను ఏమి నమ్ముతానన్నది. ఈ దరఖాస్తు మొదటిదాన్ని అడిగి రెండోది కూడా తెలిసిపోయిందనుకుంటుంది. జనన నమోదు దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అనే గడి ఉంచాలని తెలంగాణ హైకోర్టు 2023లో అధికారులను ఆదేశించింది. పసిబిడ్డకు అడగదగిన ఆ గడి ముప్పై రెండేళ్ల నాకు ఇక్కడ దొరకలేదు.

మాది విజయవాడ పటమట. గోరాగారి నాస్తిక కేంద్రం మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. దేవుడు లేడనే మనుషులు కూడా కూరగాయలు బేరమాడతారని, బిడ్డల పెళ్లిళ్లు చేస్తారని చిన్నప్పుడే చూసి పెరిగాను. ఆ గోరాగారు కులాంతర వివాహంగా తన కూతురి పెళ్లిని 1948లో గాంధీ గారి సేవాగ్రామంలో జరిపించారు. ఆ వధూవరులకు ఈ దరఖాస్తు ఇచ్చి ఉంటే మొదటి పేజీలోనే ఆగిపోయేవారు.

గడులు అడగనివన్నీ ‘మీ గురించి’ అనే పెట్టెలో రాసుకోవచ్చు. నా నాలుగు సంగతులనూ అందులో ఐదు వాక్యాలుగా రాశాను. రెండు రోజుల పరిశీలన తరువాత ప్రొఫైలు వెబ్‌సైటులోకి వచ్చింది. ‘నేను నాస్తికురాలిని’ ఉన్నచోట ‘కుటుంబ విలువలను, సంప్రదాయాలను గౌరవించే అమ్మాయిని’ అని ఉంది. రిజర్వేషన్ల వాక్యం మాయమైంది. కట్నం వాక్యం మాత్రం మిగిలింది, బహుశా 1961 నుంచి అమల్లో ఉన్న వరకట్న నిషేధ చట్టం పుణ్యమా అని. అక్షర దోషాలు దిద్దుతారనుకున్నాను కాని మనిషినే దిద్దుతారనుకోలేదు. ఈ సేవలో నేను క్షమించలేనిది ఇదొక్కటే.

అడుగుదామని ఫోన్ చేస్తే రిలేషన్‌షిప్ మేనేజరు మాట్లాడారు. ఈ 6,500 రూపాయలకు న్యాయం జరిగింది అక్కడే. ‘నాస్తికురాలు అని చూడగానే పెద్దవాళ్లు పక్కన పెట్టేస్తారు మేడమ్, మీకు నిజంగా ఏది ఇబ్బందో అది చెప్పండి’ అని ఆయన వరసగా అడగడం మొదలుపెట్టారు. పందిట్లో పురోహితుడు ఉంటే లేచి వెళ్లిపోతారా? అత్తగారు వరలక్ష్మీ వ్రతం చేసుకుంటుంటే పేరంటాళ్లకు పసుపు కుంకుమ అందిస్తారా, అదీ చేయరా? తిరుపతి వెళ్లి బిడ్డకు తల నీలాలు ఇవ్వాలంటే ఒప్పుకుంటారా? అబ్బాయి రోజూ సంధ్యావందనం చేసుకుంటే మీకేమైనా అభ్యంతరమా?

ఒక్కదానికీ వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నాస్తికురాలిని అనే మాట పదిహేనేళ్లుగా వాడుతున్నాను. ఆ మాటకు నా ఇంట్లో, నా వంటగదిలో అర్థమేమిటో ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. ఆలోచించగా, పేరంటానికి వాయనాలు సర్దడానికి అభ్యంతరం లేదనీ, బిడ్డ తల నీలాల విషయంలో మాత్రం ఉందనీ తేలింది. ఎందుకో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. రిజిస్టరు పెళ్లి అన్నప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘లేచిపోయిన పెళ్లి అనుకుంటారు మేడమ్’ అన్నారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మతం ఒకటే అయినవారికీ వర్తిస్తుందని, ముందుగా నోటీసు ఇచ్చి ముప్పై రోజులు ఆగాలని, లేచిపోయేవారికి అంతటి ఓపిక ఉండదని నేను వివరిస్తే ఆయన నవ్వి రాసుకున్నారు.

రాజకీయాల విషయంలో ఆయన ఇచ్చిన సలహా మరీ విలువైనది. మన దగ్గర రాజకీయ అభిప్రాయం అడిగితే పార్టీ పేరు చెబుతారని, పార్టీ పేరు చెబితే విన్నవారు కులం లెక్క కడతారని, కనుక కులం పట్టింపు లేదని పైన రాసి కింద పార్టీ రాస్తే మొదటిది ఎవరూ నమ్మరని ఆయన అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికలు చూసినవారెవరూ ఈ మాటను కాదనలేరు. పార్టీ ఊసు లేకుండా, రిజర్వేషన్ల వాక్యాన్ని తిరిగి పెట్టించుకున్నాను. దానికి మూడు ఫోన్లు పట్టాయి.

‘కులం పట్టింపు లేదు’ అనే గడిలో టిక్కు పెట్టినవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ టిక్కు మీకు కనిపించే ప్రొఫైళ్ల జాబితాను విశాలం చేస్తుందే గాని మీరు ఎవరికి కనిపిస్తారన్నదాన్ని మార్చదు. అవతలివారు తమ కులాన్ని ఎంచుకుని వెతికితే మీరు వారి కంట పడరు. నాకు వచ్చిన పంతొమ్మిది సందేశాలలో పదహారు మా కులం నుంచే వచ్చాయి. వాటిలో చాలావాటిలో ‘విశాల భావాలు గల అబ్బాయి’ అని ఉంది. ఫోనులో ఆరా తీస్తే పెళ్లయ్యాక అమ్మాయి ఉద్యోగం చేసుకోవచ్చునని దాని తాత్పర్యం. ఒకరు మాత్రం, తాను శివభక్తుడినని, తల నీలాల విషయంలో రాజీ పడలేనని, మిగతా అన్నింటిలో పడగలనని మొదటి ఫోనులోనే చెప్పి, మర్యాదగా వద్దనుకున్నారు. మూడు నెలల్లో నాతో అంత స్పష్టంగా మాట్లాడిన మనిషి మరొకరు లేరు.

సంబంధం కుదరలేదు, ప్యాకేజీ పొడిగించలేదు. దరఖాస్తుకు అయిదింట ఒకటి, రిలేషన్‌షిప్ మేనేజరుకు నాలుగున్నర ఇస్తాను. చేరదలచినవారు మూడు పనులు చేయాలి: దిద్దిన ప్రొఫైలును తమకు చూపించాకే వెబ్‌సైటులో పెట్టాలని మెయిల్‌లో రాయించుకోవాలి, పార్టీ పేరు రాయకూడదు, మేనేజరు లేని చవక ప్యాకేజీ జోలికి పోకూడదు. ఆయన అడిగిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాసి ఉంచాను. మొన్న అమ్మ ఆ కాగితం చూసి, తనను పెళ్లికి ముందు ఎవరూ ఇవి అడగలేదని, అడిగి ఉంటే రెండో ప్రశ్నకు తన జవాబు వేరేగా ఉండేదని అంది.